తలమీది విమానం పలకదు, సముద్రం మీది విమానం పలుకుతుంది

రేణిగుంట చుట్టుపక్కల ఏ డాబా ఎక్కి నిలబడినా, దిగబోయే విమానం చక్రాలు కనిపించేంత కిందికి వచ్చి వెళుతుంది. చేతిలో షార్ట్‌వేవ్ రేడియో ఉన్నవాడికి ఆ క్షణంలో ఆ పైలట్ ఏం మాట్లాడుతున్నాడో వినాలనిపించడం సహజం. డయల్ ముల్లును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పుతాడు. చైనా పాటలు వస్తాయి, అరబ్బీ ప్రసంగాలు వస్తాయి, గరగరలు కావలసినన్ని వస్తాయి. విమానం మాత్రం రాదు. రేడియోలో ఏదో లోపముందని అమ్మినవాణ్ణి తిట్టుకుంటాడు. పాపం, అమ్మినవాడి తప్పేమీ లేదు. ఆ విమానం అసలు షార్ట్‌వేవ్‌లో మాట్లాడటం లేదు.

అదే రేడియోలో, అదే రాత్రి, కంటికి కనిపించే అవకాశమే లేని మరో విమానం దొరకవచ్చు. చెన్నై తీరం దాటి, బంగాళాఖాతం నడిమధ్య నుంచి తన స్థానం చెప్పుకుంటూ పోతున్న విమానం అది. దగ్గరిది మూగగా ఉండి దూరానిది పలకడం తలకిందుల వ్యవహారంగా కనిపిస్తుంది. దీని వెనుక ఉన్న లెక్క తెలిస్తే ఏ రేడియో కొనాలి, ఏ ఏరియల్ కట్టాలి, ఉన్న రేడియోతోనే ఎంతవరకు నెట్టుకురావచ్చు అన్నవి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

విమానంలో మాటలకు వాడే రేడియోలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది వీహెచ్‌ఎఫ్. 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ వరకు దాని చోటు. టవర్‌తోనూ, దారిలోని నియంత్రణ కేంద్రాలతోనూ జరిగే సంభాషణ దాదాపు అంతా ఇందులోనే నడుస్తుంది. ప్రపంచమంతటా ఆపద సమయంలో వాడే 121.5 కూడా ఇక్కడే ఉంది. దీనికి కిందనున్న 108 నుంచి 118 వరకు దారి చూపే సంకేతాలవి. అక్కడ వినిపించేది ఎక్కువగా మోర్స్ కోడ్‌లో ఆ కేంద్రం పేరు మాత్రమే. రెండోది హెచ్‌ఎఫ్, అంటే అచ్చంగా మన షార్ట్‌వేవే. దాదాపు 2.8 నుంచి 22 మెగాహెర్ట్జ్ మధ్య, ప్రసార కేంద్రాల బ్యాండ్లకు అటూ ఇటూ ఉన్న ఖాళీల్లో, ముక్కలు ముక్కలుగా విమానాలకు చోటు కేటాయించారు.

ఇప్పుడు మన రేడియో సంగతి చూడండి. షార్ట్‌వేవ్ 22 దగ్గరో 30 దగ్గరో ఆగిపోతుంది. ఎఫ్‌ఎం 88లో మొదలై 108లో ముగుస్తుంది. విమానాల వీహెచ్‌ఎఫ్ మాటలు ఎఫ్‌ఎం డయల్ అయిపోయిన చోటికి పది మెగాహెర్ట్జ్ అవతల మొదలవుతాయి. రేణిగుంటలో దిగే విమానం మన డయల్‌కు అంత చేరువలోనే ఉంటూ దొరకకుండా పోతుంది.

ఎంత దూరం, ఎందుకు అంత దూరం

వీహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు చూపులాగే తిన్నగా పోతాయి. భూమి వంపు అడ్డొచ్చిన చోట ఆగిపోతాయి. ఎంత దూరం వస్తాయో తెలుసుకోవడానికి ఒక సులువైన లెక్క ఉంది: రెండు ఏరియళ్ల ఎత్తులను మీటర్లలో తీసుకుని, ఒక్కోదాని వర్గమూలం కట్టి, రెండూ కలిపి 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. 35,000 అడుగుల ఎత్తున పోయే విమానం అంటే దాదాపు 10,700 మీటర్లు. మన ఏరియల్ తొమ్మిది మీటర్ల ఎత్తున మేడ మీద ఉందనుకుందాం. లెక్క 430 కిలోమీటర్లు దాటుతుంది. అంటే తిరుపతిలో కూర్చున్నవాడికి చెన్నై, బెంగళూరుల మీదుగా పోయే విమానాలన్నీ, హైదరాబాద్ వైపు సగం దారి దాటి ఉన్నవి కూడా అందుబాటులో ఉన్నట్టే.

కానీ కింద ఉన్న నియంత్రణ కేంద్రం మాట వేరు. చెన్నై విమానాశ్రయం తిరుపతికి గీత గీసినట్టు కొలిస్తే సుమారు 110 కిలోమీటర్లు. అక్కడి ఏరియల్ 30 మీటర్ల ఎత్తున ఉన్నా లెక్క 35 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అందుకే వీహెచ్‌ఎఫ్ వినేవాళ్లకు మొదట్లో ఒక చిరాకు తప్పదు: పైలట్ జవాబు వినిపిస్తుంది, అడిగిన ప్రశ్న వినిపించదు. ఫోనులో మాట్లాడేవారి పక్కన కూర్చున్నట్టే. కొన్నాళ్లకు జవాబును బట్టి ప్రశ్నను ఊహించడం అలవాటవుతుంది. పైలట్లు అందుకున్న ఆదేశాన్ని తిరిగి చదివి వినిపించాలన్న నియమం ఉండటం వల్ల ఆ ఊహ కష్టమేమీ కాదు. రేణిగుంట టవర్‌కు చేరువలో ఉన్నవారికి మాత్రం రెండు వైపులా దక్కుతాయి.

తిరుపతికి ఉత్తరాన శేషాచలం గోడలా నిలబడి ఉంది కాబట్టి ఆ దిక్కున తక్కువ ఎత్తులో ఎగిరేవి పట్టణంలోకి సరిగా రావు. అదే కొండ మీద నుంచి చూస్తే లెక్క తారుమారవుతుంది. తిరుమల సముద్రమట్టానికి 850 మీటర్లకు పైగా ఎత్తు. ఆ ఎత్తుకు 120 కిలోమీటర్ల చూపు వస్తుంది. అక్కడి నుంచి చెన్నై విమానాశ్రయం దూరం కూడా ఇంచుమించు అంతే కాబట్టి, కొండ తూర్పు అంచున కాగితం లెక్క ప్రకారం చెన్నై నియంత్రణ కేంద్రం కూడా వినిపించాలి. కాగితం మీదే ఉండనివ్వండి. ఏరియల్ చాపి కొండ మీద నిలబడినవాడు ముందుగా వినేది భద్రతా సిబ్బంది ప్రశ్నలే.

ఇక సముద్రం సంగతి. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ సుమారు 1,370 కిలోమీటర్లు. మధ్యలో నీళ్లే తప్ప వీహెచ్‌ఎఫ్ కేంద్రం కట్టుకోవడానికి నేల లేదు. తీరం నుంచి నాలుగైదు వందల కిలోమీటర్లు దాటిన విమానం వీహెచ్‌ఎఫ్‌కు అందదు. అక్కడ హెచ్‌ఎఫ్ అక్కరకు వస్తుంది. షార్ట్‌వేవ్ తరంగాలు పైకి పోయి, భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున సూర్యకాంతి వల్ల విద్యుదావేశం పొందిన ఐనోస్ఫియర్ పొరలో వంగి మళ్లీ కిందికి దిగుతాయి. ఒక్క గెంతులో రెండు మూడు వేల కిలోమీటర్లు దాటగలవు.

ఈ పొర గురించి తిరుపతివారికి ఇంకొకరు చెప్పనక్కరలేదు. చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 1,024 ఏరియళ్లను పొలంలో నాటినట్టు నిలబెట్టి, 53 మెగాహెర్ట్జ్ మీద రెండున్నర మెగావాట్ల గరిష్ఠ శక్తితో ఆకాశాన్ని తడుముతుంది. అది చదివే విషయాల్లో మన రేడియోను సాయంత్రం పూట సతాయించేదీ ఒకటి ఉంది. అయస్కాంత భూమధ్యరేఖ దక్షిణ భారతం కొసలో పోతుంది. కేరళలోని తుంబాను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నది అందుకే. ఆ రేఖకు దగ్గరలో సూర్యాస్తమయం తర్వాత ఐనోస్ఫియర్‌లో పెద్ద పెద్ద బుడగలు లేస్తాయి. అవి అడ్డుపడితే దూరపు గొంతు ఫ్యాను రెక్కల అవతల నుంచి మాట్లాడినట్టు వణుకుతుంది. మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇది ఎక్కువ. ఏడున్నరకు రేడియో పెట్టి గొంతులు వణుకుతున్నాయని బ్యాటరీలు మార్చేవారికి ఈ సంగతి తెలిస్తే ఖర్చు కలిసొస్తుంది.

డయల్ మీద ఎక్కడ

బంగాళాఖాతం మీదుగా పోయే విమానాలకు చెన్నై, కోల్‌కతా, యాంగోన్, కౌలాలంపూర్ వంటి కేంద్రాలు పంచుకునే పౌనఃపున్యాలు 3470, 6556, 10066, 13318 కిలోహెర్ట్జ్. అరేబియా సముద్రం, హిందూ మహాసముద్రం వైపు ముంబయి, మారిషస్‌లవి 5634, 8879, 13306. పగటి పూట ఐనోస్ఫియర్ కింది భాగం తక్కువ పౌనఃపున్యాలను మింగేస్తుంది కాబట్టి 8 మెగాహెర్ట్జ్ నుంచి పైకి వెతకాలి. పొద్దుగూకాక 6556, 5634 తెరుచుకుంటాయి. బాగా రాత్రయ్యాక 3470 కూడా.

మొదటిసారి వినేవాడు వీటి జోలికి పోకూడదని నా అభిప్రాయం. సంభాషణ ఎప్పుడు వస్తుందో తెలియదు. వచ్చినా ఇరవై సెకన్లలో ముగిసిపోతుంది. మళ్లీ పావుగంట నిశ్శబ్దం. దానికన్నా వోల్మెట్ మేలు. ఎగురుతున్న విమానాలన్నిటికీ ఒకేసారి పెద్ద విమానాశ్రయాల వాతావరణం చదివి వినిపించే ప్రసారం ఇది. మన వైపు దీనికి 6676, 11387 కిలోహెర్ట్జ్‌లు కేటాయించారు. ఒకే పౌనఃపున్యాన్ని పలు కేంద్రాలు ఐదేసి నిమిషాల వంతులు వేసుకుని వాడుకుంటాయి: గంట దాటి 5, 35 నిమిషాలకు కోల్‌కతా, 10, 40కి బ్యాంకాక్, 15, 45కి కరాచీ, 20, 50కి సింగపూర్, 25, 55కి ముంబయి. ఈ వంతులు అంతర్జాతీయ కాలమానంలో చెప్పినవే అయినా మనం గడియారం మార్చుకోనక్కరలేదు. మన సమయానికీ దానికీ తేడా ఐదున్నర గంటలు, వంతులు అరగంటకోసారి తిరిగి వస్తాయి, కాబట్టి నిమిషాల ముల్లు ఒక్కటి చూసుకుంటే చాలు. వంతు ఉన్న ప్రతి కేంద్రమూ ప్రతిరోజూ వినిపించాలని లేదు. రెండు మూడు వంతులు వరుసగా కాచుకుంటే ఏదో ఒకటి తగులుతుంది.

ముల్లు ఉన్న రేడియోలో 6676ను పట్టుకోవాలంటే 49 మీటర్ల బ్యాండు దాటి, 41 మీటర్ల బ్యాండు ఇంకా రాకముందు ఆగాలి. రేడియో సిలోన్ కోసం 41 మీటర్ల బ్యాండు వెతికిన తరం వారికి ఆ చోటు చేతికి తెలుసు. 10066కు ఇంకో గుర్తు ఉంది. సరిగ్గా 10 మెగాహెర్ట్జ్ మీద చైనా కాలసంకేత కేంద్రం సెకనుకోసారి టిక్కుమంటూ ఉంటుంది. అది దొరికాక వెంట్రుకవాసి పైకి జరిగితే చాలు.

దొరికినదాన్ని ఎలా చదవాలో ఒకటి చూద్దాం. విమానాశ్రయం పేరు, పరిశీలించిన సమయం, తర్వాత గాలి: 090 డిగ్రీలు, 8 నాట్లు అంటే తూర్పు నుంచి వీస్తున్న మోస్తరు గాలి. దృష్టి దూరం 6 కిలోమీటర్లు. మబ్బుల ఎత్తు అడుగుల్లో. ఉష్ణోగ్రత 31, మంచుబిందువు 25: ఈ రెండూ దగ్గరపడే కొద్దీ పొగమంచుకు ఆస్కారం ఎక్కువ. క్యూఎన్‌హెచ్ 1008: ఎత్తు చూపే మీటరును సరిచేసుకోవడానికి గాలి పీడనం. చివర నోసిగ్ అంటే వచ్చే రెండు గంటల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదని అర్థం. అన్ని విమానాశ్రయాలకూ ఇదే వరుస. ఇది చెవికి పట్టిందంటే సంభాషణలు వినడం సగం నేర్చుకున్నట్టే. అక్కడా పిలుపు పేరు, స్థానం, సమయం, ఎత్తు, తర్వాతి స్థానం చేరే సమయం అదే వరుసలో వస్తాయి. పిలుపు పేర్లు విమాన సంస్థ పేర్లలాగే ఉండాలని లేదు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ స్పీడ్‌బర్డ్ అంటుంది, ఇండిగో ఐఫ్లై అంటుంది.

మాటల నడుమ రెండు స్వరాలు కలిపి ఒక సెకను, వెంటనే మరో రెండు ఒక సెకను పాటలా మోగితే కంగారుపడకండి. సెల్‌కాల్ అంటారు దాన్ని. ఆరేడు గంటల పాటు షార్ట్‌వేవ్ గరగర వింటూ ఏ పైలటూ కూర్చోలేడు. అందుకని అతను ధ్వనిని తగ్గించేస్తాడు. నేల మీది కేంద్రం ఆ విమానానికే చెందిన నాలుగక్షరాల సంకేతాన్ని స్వరాలుగా పంపితే కాక్‌పిట్‌లో గంట మోగుతుంది.

గొంతు బాతులా ఎందుకు వస్తుంది

సరైన పౌనఃపున్యం, సరైన వేళ, అయినా వినిపించేది మాట కాదు, బాతుల అరుపు. మామూలు షార్ట్‌వేవ్ రేడియోతో హెచ్‌ఎఫ్ విమానాలను వెతికేవారిలో నూటికి తొంభై మంది చేతులెత్తేసేది ఇక్కడే. ఆకాశవాణి పంపే ఏఎం సంకేతంలో ఒక వాహక తరంగం, దానికి రెండు పక్కలా అద్దంలో బింబాల్లా ఒకే మాటను మోసే రెండు పట్టీలు ఉంటాయి. శక్తిలో పెద్ద వాటా వాహక తరంగమే తినేస్తుంది, దానిలో మాట ఏమీ ఉండదు. విమానాల హెచ్‌ఎఫ్‌లో ఆ వాహకాన్నీ, ఒక పట్టీనీ తీసేసి, పై పట్టీ ఒక్కటే పంపుతారు. దండలోంచి దారం లాగేసి పూలు మాత్రమే బుట్టలో పంపినట్టు. అందుకున్నవాడు తన దారం తాను ఎక్కించుకోవాలి. ఎస్‌ఎస్‌బీ అన్న మీట ఉన్న రేడియోలు ఆ పని చేస్తాయి. లేనివి పూలను కుప్పగా చూపిస్తాయి.

మీట లేని పాత రేడియో ఇంట్లో ఉంటే, రెండో పాత రేడియో కూడా ఉంటే, ఒక చిట్కా ఉంది. ఇలాంటి రేడియోలన్నీ లోపల ఒక చిన్న ప్రసారిణిని నడుపుతాయి. అది డయల్ చూపే అంకెకు 455 కిలోహెర్ట్జ్ పైన పలుకుతూ ఉంటుంది. మొదటి రేడియోను 6676 మీద ఉంచండి. రెండోదాన్ని 6221 మీద పెట్టి, ధ్వని పూర్తిగా తగ్గించి, మొదటిదానికి ఆనించి ఉంచండి. 6221కి 455 కలిపితే 6676. రెండో రేడియో లోపలి సంకేతం మొదటిదానికి పోయిన వాహకంగా పనిచేస్తుంది. రెండోదాని ముల్లును ఊపిరి బిగబట్టి వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపితే బాతు గొంతు మనిషి గొంతవుతుంది. వేడెక్కే కొద్దీ అది జారిపోతూ ఉంటుంది, మళ్లీ సరిచేయాలి. సంకేతాన్ని అంకెలుగా మార్చి పనిచేసే డీఎస్‌పీ చిప్‌లతో వచ్చే కొత్త రేడియోలతో ఇది కుదరదు. వాటి లోపలి అమరికే వేరు.

ఆ 455 ఇంకో మాయ కూడా చేస్తుంది. లోపలి సంకేతానికి 455 కింద ఉన్నదీ, 455 పైన ఉన్నదీ ఒకేలా లోపలికి దూరగలవు. చవక రేడియోలు ఆ రెంటినీ సరిగా వేరుచేయలేవు. దానివల్ల 6676 మీది వోల్మెట్, డయల్ మీద 910 కిలోహెర్ట్జ్ కిందనున్న 5766 దగ్గర కూడా వినిపించవచ్చు. దీన్నే ప్రతిబింబం అంటారు. ఏదో రహస్య పౌనఃపున్యం కనిపెట్టామనుకునే ఉత్సాహవంతుల్లో చాలామంది కనిపెట్టింది ఈ ప్రతిబింబాన్నే.

ఎఫ్‌ఎంలో అయితే ఈ లోపమే వరమవుతుంది. అక్కడ తేడా 455 కిలోహెర్ట్జ్ కాదు, 10.7 మెగాహెర్ట్జ్. రెట్టింపు చేస్తే 21.4. అంటే పాత ఎఫ్‌ఎం రేడియో ముల్లు 96.6 మీద ఉంటే 118కి ప్రతిబింబం తెరిచి ఉంటుంది, 108 మీద ఉంటే 129.4కి. రన్‌వేకు దగ్గర ఇళ్లలో పాటల మధ్య హఠాత్తుగా పైలట్ గొంతు దూరిందని చెప్పేవారు అబద్ధమాడటం లేదు. డయల్ అంకెకు 21.4 కలిపితే అసలు పౌనఃపున్యం తెలుస్తుంది. ముల్లును సరిగ్గా సంకేతం నడిమధ్య కాక కాస్త పక్కకు పెడితే మాట ఇంకా స్పష్టమవుతుంది, ఎందుకంటే విమానం పంపేది ఎఫ్‌ఎం కాదు, ఏఎం.

ఇక్కడ ఒక సందేహం రావాలి. ఎఫ్‌ఎం ఇంత శుభ్రంగా వినిపిస్తుంటే విమానాలు ఇప్పటికీ ఏఎం పట్టుకుని ఎందుకు వేలాడుతున్నాయి? పాత పరికరాలతో పొత్తు కుదరాలన్నది ఒక కారణం. అంతకన్నా బలమైనది ఇంకోటి: ఎఫ్‌ఎంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన గొంతు మిగిలి, బలహీనమైనది జాడ లేకుండా పోతుంది. ఏఎంలో రెండూ ఢీకొని ఈల వేస్తాయి. ఎవరో అడ్డుపడ్డారని కనీసం తెలుస్తుంది. తెలిసినంత మాత్రాన ప్రమాదం తప్పుతుందని లేదు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ దీవిలో రన్‌వే మీద రెండు జంబో జెట్‌లు ఢీకొని 583 మంది చనిపోయారు. టవర్ మాట, రెండో విమానం హెచ్చరిక ఒకేసారి గాలిలోకి వెళ్లడంతో, వినవలసిన కాక్‌పిట్‌లోకి చేరింది కీచుమన్న శబ్దమే.

షార్ట్‌వేవ్ రేడియోకు వీహెచ్‌ఎఫ్ తగిలించడం

తలమీది విమానాన్ని ఉన్న షార్ట్‌వేవ్ రేడియోలోనే వినాలన్న పట్టుదల ఉంటే దానికీ దారి ఉంది. కన్వర్టర్ అనే చిన్న పెట్టె కట్టుకోవాలి. ఏరియల్ నుంచి వచ్చే సంకేతాన్ని ఒకే పౌనఃపున్యాన్ని నిలకడగా పుట్టించే స్ఫటిక ఆసిలేటర్ సంకేతంతో కలిపితే రెంటి తేడా బయటకు వస్తుంది. ఎస్‌ఏ602 అనే మిక్సర్ చిప్ ఒకటి, 100 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ ఒకటి, ముందు ఒక వడపోత సర్క్యూట్. 121.5 వచ్చి 100తో కలిస్తే 21.5 అవుతుంది. అది షార్ట్‌వేవ్. పంపింది ఏఎం, రేడియో వినగలిగేదీ ఏఎం, కాబట్టి బాతుల బెడద ఉండదు. డయల్ అంకెకు వంద కలుపుకుంటే అసలు పౌనఃపున్యం వచ్చేస్తుంది.

చిక్కల్లా ఆసిలేటర్ ఎంపికలోనే. చాలా రేడియోల షార్ట్‌వేవ్ 22 దగ్గర ఆగిపోతుంది. అప్పుడు 100 వేస్తే 122 వరకే అందుతుంది. 110 వేస్తే 132 వరకు అందుతుంది కదా అనిపిస్తుంది. అక్కడే బోల్తా పడతారు. 121.5 కోసం 11.5 మీద వినబోతే, 110కి అటువైపున్న 98.5 కూడా అదే 11.5గా దిగివస్తుంది. 98.5 అంటే ఎఫ్‌ఎం ప్రసారాల నడిబొడ్డు. ఊళ్లోని ఎఫ్‌ఎం కేంద్రాలు వికారమైన గొంతులతో డయల్ నిండా పరుచుకుంటాయి. వడపోత ఎంత బిగించినా పక్కనే ఉన్న పెద్ద ప్రసారిణిని పూర్తిగా ఆపడం కష్టం. 100 వేసినప్పుడు ప్రతిబింబం 70 నుంచి 82 మధ్య పడుతుంది, మన ఎఫ్‌ఎం అక్కడ లేదు. అందుకని 30 మెగాహెర్ట్జ్ వరకు పోయే రేడియో ఉన్నవారికి వందే మంచిది. అలా పోనిదైతే కన్వర్టర్ మీద శ్రమ దండగ.

కట్టేటప్పుడు లోహపు డబ్బాలో పెట్టాలి, రేడియోకు కవచం ఉన్న తీగతోనే కలపాలి. మామూలు వైరుతో కలిపితే ఆ వైరే ఏరియల్‌గా మారి అసలు షార్ట్‌వేవ్ కేంద్రాలను తెచ్చి మీద పోస్తుంది. వీహెచ్‌ఎఫ్ ఏరియల్‌కు 60 సెంటీమీటర్ల కడ్డీ నిలువుగా ఉంటే చాలు. షార్ట్‌వేవ్‌కేమో పది మీటర్ల తీగ మేడ మీద కట్టాలి. ఐప్పసి వానల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మెరుపు కనబడగానే ఆ తీగను రేడియో నుంచి తప్పించడం మరిచిపోకూడదు.

కన్వర్టర్‌తో విసుగు పుట్టించే సంగతి ఒకటుంది. షార్ట్‌వేవ్ రేడియోలో మాట లేనప్పుడు ధ్వనిని మూసేసే స్క్వెల్చ్ ఉండదు. పైలట్ ఐదు సెకన్లు మాట్లాడతాడు, తర్వాత రెండు నిమిషాలు హోరు. సర్క్యూట్ కట్టే సరదా ఉన్నవారికి నేను వద్దనను. వినడమే కావాలనుకునేవారు ఎయిర్ బ్యాండు (విమానాల వీహెచ్‌ఎఫ్), ఎస్‌ఎస్‌బీ రెండూ ఉన్న రేడియో ఒక్కటి తీసుకోవడం తెలివైన పని. టెక్‌సన్ పీఎల్-660, ఎక్స్‌హెచ్‌డేటా డీ-808 అలాంటివే. కంప్యూటర్ ఉన్నవారికి కంప్యూటర్‌కే తగిలించి దాన్ని రేడియోగా మార్చే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే చిన్న ముక్క చవకలో రెండు పనులూ చేస్తుంది.

ఏది కొన్నా పట్టణంలో షార్ట్‌వేవ్‌కు పెద్ద శత్రువు ఇంట్లోనే ఉంటుంది. ఎల్‌ఈడీ బల్బులు, ఫోను ఛార్జర్లు, ఇన్వర్టర్లు కలిసి షార్ట్‌వేవ్ అంతటా రొద నింపేస్తాయి. వీధి మొత్తానికి కరెంటు పోయినప్పుడు బ్యాటరీ రేడియో పెట్టి చూడండి. కరెంటు ఎందుకు వచ్చిందా అనిపిస్తుంది. చంద్రగిరి దాటి పొలాల్లోకి వెళ్లగలిగితే ఆ కోత కోసం ఎదురుచూడనక్కరలేదు.

చట్టం మాట దాటవేయడం బాగుండదు. మామూలు ప్రసార రేడియోకు లైసెన్సు తీసుకునే రోజులు 1980లలోనే పోయాయి. విమానాల సంభాషణ మాత్రం ప్రజల కోసం చేసే ప్రసారం కాదు. అలాంటి సమాచారాన్ని అనుమతి లేకుండా పట్టడాన్నీ, బయటపెట్టడాన్నీ దేశాలు నిషేధించాలని అంతర్జాతీయ రేడియో నిబంధనల 17వ అధికరణం చెబుతుంది. మన దగ్గర 1885, 1933 నాటి పాత చట్టాల స్థానంలో 2023లో వచ్చిన టెలికమ్యూనికేషన్స్ చట్టం కూడా సందేశాలను అక్రమంగా పట్టడాన్ని నేరంగానే చూస్తుంది. వోల్మెట్ ఎవరినీ పేరుపెట్టి పిలవని వాతావరణ ప్రసారం కాబట్టి మొదటి పాఠానికి అదే తగినదనడానికి ఇది ఇంకో కారణం. సంభాషణలను రికార్డు చేసి నలుగురికీ పంచే పని పెట్టుకోవద్దు. ఇక ఆ బ్యాండులో ప్రసారం చేయడం హ్యామ్ (సరదాకు రేడియో ప్రసారం చేసేవారి) లైసెన్సు ఉన్నవారికి కూడా నిషిద్ధమే.

హెచ్‌ఎఫ్‌లో మాట ఇదివరకటంత లేదన్నది నిజం. ఉపగ్రహాల ద్వారా అక్షరాల సందేశాలు పంపే పద్ధతి వచ్చాక సముద్రం మీది స్థాన నివేదికల్లో చాలా భాగం మౌనంగానే వెళ్లిపోతున్నాయి. ఆ పరికరం లేని విమానాలకు, ఉన్నా అది మొరాయించినప్పుడు, షార్ట్‌వేవే దిక్కు. కొన్ని విమానాలు షార్ట్‌వేవ్ మీదే మాటకు బదులు డేటా పంపుతాయి. థాయ్‌లాండ్‌లోని హాట్ యాయ్, బహ్రెయిన్ కేంద్రాలు వాటిని అందుకుంటాయి. జర్రుజర్రుమనే ఆ చప్పుళ్లను కంప్యూటర్‌లో ఉచిత సాఫ్ట్‌వేర్‌కు వినిపిస్తే విమానం పేరు, అది ఉన్న అక్షాంశ రేఖాంశాలు తెర మీద పడతాయి.

శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్న రోజు బంగాళాఖాతంలో కొంత మేర గగనతలాన్ని ముందే ప్రకటించి మూసేస్తారు. ఆ వేళకు రావలసిన విమానాలు దారి మళ్లుతాయి. ఫోనులో విమానాల పటం ఒకటి తెరిచి పెట్టుకుని, పగలైతే 10066, రాత్రయితే 6556 మీద ప్రయోగానికి గంట ముందు నుంచి కాచుకుంటే, మామూలు రోజున వినపడని మాటలు తగిలే అవకాశం ఎక్కువ.